పాస్ ఇచ్చింది ఎవరు పెద్దనాన్నా?

2025 మార్చిలో మన ఫుట్‌బాల్ జట్టుకి ఎక్కువ గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రిని రిటైర్మెంట్ నుంచి వెనక్కి రప్పించారన్న వార్త వచ్చిన రోజే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెద్దనాన్న ఒక ముక్క పెట్టారు: "బలరాం పుట్టిన దేశానికి పట్టిన గతి చూడండి." నలభై ఏళ్ళ మనిషి మళ్ళీ బూట్లు కట్టుకుంటే తప్ప గోల్ కొట్టే దిక్కు లేదా అన్నది ఆయన బాధ. ఛెత్రి వచ్చాడు, షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టాడు. వారం తిరక్కుండా అదే గ్రౌండులో బంగ్లాదేశ్‌తో 0-0. ఇక పెద్దనాన్నని ఆపేవాళ్ళు లేరు. నెవిల్ డిసౌజా, చునీ గోస్వామి, పీకే బెనర్జీ, మేవాలాల్, హబీబ్... పాతకాలం ఫుట్‌బాల్ వీరుల పేర్లన్నీ వరసగా దిగాయి. కుర్రాళ్ళు ఒకరిద్దరు దండం బొమ్మలు పెట్టి తప్పుకున్నారు.

నేను తప్పుకోలేకపోయాను. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ పేర్లు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. రైల్వే క్వార్టర్స్ అరుగుల మీదా, పెళ్ళిభోజనాల దగ్గరా, ఎవరైనా పెద్దాయన చనిపోతే దినం రోజు సాయంత్రం మగవాళ్ళంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడూ ఇదే మాట. "ఆ రోజుల్లో గోల్ కొట్టేవాళ్ళుండేవాళ్ళు." మాట చివర ఒక నిట్టూర్పు. దాంతో సంభాషణ అయిపోతుంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడకూడదన్నట్టు అందరూ టీ తాగుతారు.

ఆ బెంగ అబద్ధం అనను. కానీ ఆ బెంగ పెట్టుకోవాల్సింది గోల్ కొట్టినవాళ్ళ మీద కాదని చాలాకాలంగా నాకు ఒక అనుమానం. ఈ మధ్య అది గట్టిపడింది. దానికి కారణం కూడా పెద్దనాన్నే.

చూసిన ఆట, విన్న ఆట

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. బలరాం ఆట మీరు ఎప్పుడు చూశారు, ఎక్కడ చూశారు? "ఫతే మైదాన్‌లో. ఎడమ పక్క నుంచి వచ్చి కొట్టాడు. బంతి కాలికి అంటుకుపోయినట్టే ఉండేది రా" అన్నారు. కళ్ళలో మెరుపు కూడా వచ్చింది. అయితే లెక్క కుదరడం లేదు. తులసీదాస్ బలరాం అమ్ముగూడవాడే, 1936లో పుట్టాడు, హైదరాబాద్ సిటీ పోలీసుకి ఆడాడు, నిజమే. కానీ 1957కల్లా కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1963లో ప్లూరసీ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆట మానేశాడు, అప్పటికి ఇరవై ఏడేళ్ళు. మా పెద్దనాన్న పుట్టింది 1953లో. ఈస్ట్ బెంగాల్ ఏదైనా టోర్నమెంటుకి ఇటు వచ్చినప్పుడు ఎవరి భుజాలమీదో కూర్చుని చూసి ఉండొచ్చు, కాదనను. కాకపోతే ఆయన చెబుతున్నది తన తండ్రి చెప్పిన ఆట అనిపించింది నాకు. మా తాత లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవాడు, ఫుట్‌బాల్ పిచ్చివాడు.

నేను ఆ మాట పైకి అనలేదు. ఇంకో ప్రశ్న వేశాను. "ఆ గోల్‌కి పాస్ ఇచ్చింది ఎవరు పెద్దనాన్నా?"

ఆయన కాసేపు ఆలోచించారు. "ఎవరో ఇచ్చే ఉంటాడు. అదా ముఖ్యం?"

సరే అని మాట మార్చి, మీరు కుర్రాడిగా ఉన్నప్పుడు చూసిన లీగ్ మ్యాచ్ ఏదైనా చెప్పండి అన్నాను. అంతే, మనిషి మారిపోయాడు. వాన పడి వెలిసిన సాయంత్రం, గ్రౌండులో ఒక మూల నీళ్ళు నిలిచాయి, పోలీసు టీముదో కాదో సరిగ్గా గుర్తులేదు గానీ ఒక హాఫ్ బ్యాక్ ఉండేవాడు, కొంచెం వంగి నడిచేవాడు, వాడు కుడివైపు చూస్తూ బంతిని ఎడమకి పంపేవాడు, ఆ రోజు అలాగే పంపితే అది నీళ్ళలో ఆగిపోయింది, డిఫెన్స్‌వాళ్ళు బంతి వస్తుందనుకుని ముందుకి పోయారు, మనవాడు వెనక్కొచ్చి ఆ నీళ్ళలోంచి చిమ్మినట్టు కొట్టాడు, కీపర్ మొహం నిండా బురద. జనం ఉర్దూలో ఏమని అరిచారో కూడా చెప్పారు, ఇక్కడ రాయలేను.

"కొట్టింది ఎవరు?"

"పేరు ఏదో ఉంది రా... నోట్లోనే ఉంది." చివరికి రాలేదు.

ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. కళ్ళారా చూసిన ఆటలో పాస్ ఇచ్చినవాడు, బురద, వంగి నడిచే నడక మిగిలాయి. గోల్ కొట్టినవాడి పేరు పోయింది. చెవిన పడ్డ ఆటలో గోల్ కొట్టినవాడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత మరో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళని ఇలాగే కదిపి చూశాను. అచ్చం ఇలాగే ఉంటుందని చెప్పలేను, ఒకాయనకి రెండూ గుర్తున్నాయి. అయినా మొత్తం మీద వాలు అటే. గోల్ వీరుడి మీద బెంగ విన్నవాడి బెంగ. అది ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి పోవడానికి వీలైన సైజులో ఉంటుంది: ఒక పేరు, ఒక అంకె, ఒక ఊరు. హాఫ్ బ్యాక్ చూపు ఆ మూటలో పట్టదు.

ఇది మనకే ఉన్న జబ్బు కాదు. 1958 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జుస్త్ ఫాంతెన్ ఆరు మ్యాచుల్లో 13 గోల్స్ కొట్టాడు. ఒకే ప్రపంచ కప్‌లో అన్ని గోల్స్ ఇప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. ఈ రోజు క్విజ్ పోటీల్లో ఆ అంకె ప్రతి పిల్లాడికీ వచ్చు. కానీ ఆ ఏడాది యూరప్‌లో ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ ఇచ్చింది ఫాంతెన్‌కి కాదు, అతనికి బంతులు అందించిన రేమండ్ కోపాకి. ఆట జరుగుతున్నప్పుడు చూసినవాళ్ళు కోపాని చూశారు. తర్వాత వచ్చిన మనకి 13 మిగిలింది.

లెక్కలు విప్పి చూస్తే

పాతవాళ్ళని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అయినా కొన్ని సంగతులు చెప్పుకోకపోతే బెంగ కాస్తా భజన అవుతుంది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియావాడు. మొత్తం నాలుగు గోల్స్‌తో ఆ పోటీల టాప్ స్కోరర్లలో ఒకడు. నాలుగో స్థానం దాకా వెళ్ళాం. ఇంతవరకు అందరూ చెబుతారు. మొదటి రౌండులో హంగేరీ రాకపోవడంతో మనకి వాకోవర్ దొరికిందని, అప్పటి ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో చెప్పుకోదగ్గ జట్టు కాదని మాత్రం చెప్పరు. మనం గెలిచింది ఆ ఒక్క మ్యాచే, 4-2. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే, అదీ నెవిల్‌దే. ఆ తర్వాత వాళ్ళు నాలుగు కొట్టారు. కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3.

1948 లండన్ కథ మరీ ముద్దుగా చెబుతారు. మనవాళ్ళు వట్టి కాళ్ళతో ఫ్రాన్స్‌ని వణికించారని. వణికించిన మాట నిజమే, 1-2తోనే ఓడాం. సారంగపాణి రామన్ గోల్ కొట్టాడు. అదే మ్యాచులో మనం రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నాం. వట్టి కాళ్ళు కథలోకి వచ్చాయి, పెనాల్టీలు రాలేదు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా మన మీద 10 గోల్స్ కొట్టింది, మనం ఒకటి. 1964 ఆసియా కప్‌లో రన్నరప్ అయ్యాం, ఆడిన జట్లు నాలుగే.

ఈ లిస్టు పెద్దనాన్నకి చదివి వినిపిస్తే ఆయన చెప్పిన జవాబు నాకు నచ్చింది. "వాళ్ళెవరో బలహీనంగా ఉంటే మనం గెలిచామంటావు. మరి 1960 రోమ్‌లో హంగేరీ బలహీనమా?" కాదు. ఫ్లోరియన్ అల్బర్ట్ ఆడిన హంగేరీ అది, కాంస్యం తీసుకుపోయింది. దాని మీద 1-2తో ఓడాం, మన గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1, గోల్ పీకేది. పెరూ చేతిలో 1-3, మళ్ళీ బలరామే. మూడు మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు, ఒక్క దాంట్లోనూ గోల్ లేకుండా రాలేదు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనం ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా మూడింటి చేతిలోనూ ఓడి ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఇంటికొచ్చాం. కనక పాతది గొప్పగా లేదని నేను అనడం లేదు. గొప్పే. గొప్ప ఎక్కడుందన్నదే తగాదా.

ఇంకో మాట. గోల్ కొట్టినవాళ్ళందరూ గుర్తుంటారన్నది కూడా పూర్తిగా నిజం కాదు. మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద నాలుగో గోల్ కొట్టింది కిట్టు. మన పక్కింటి కుర్రాడి పేరులా ఉన్న ఆ కిట్టుని ఎవరు తలుచుకుంటారు? హ్యాట్రిక్ పక్కన నిలబడ్డం అతని దురదృష్టం. అంటే జ్ఞాపకం స్కోరర్లకీ పూర్తి న్యాయం చేయదు, వాళ్ళలోంచి ఒకణ్ణి ఏరుకుంటుంది.

తలకి కుట్లతో సెంటర్ ఫార్వర్డ్

నా వాదనకి నేను నమ్ముకున్న పెద్ద సాక్ష్యం 1962 జకార్తా ఆసియా క్రీడలు. పెద్దనాన్న కూడా తన వాదనకి దాన్నే వాడతారు, అది వేరే సంగతి.

మొదటి మ్యాచులో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. థాయ్‌లాండ్ మీద గెలిచిన మ్యాచులో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఎవరైనా అయితే అతణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఏం చేశారంటే, డిఫెన్స్‌లో నిలబడాల్సిన మనిషిని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద 2-1. ఫైనల్లో ఒక గోల్ పీకేది, రెండోది తలకి కట్టుతో ఆడిన జర్నైల్‌ది. మన ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికన్నా విలువైన గోల్స్‌లో ఒకటి పుట్టు స్కోరర్ కొట్టింది కాదు. అవసరం పడి ముందుకి పంపిన డిఫెండర్ కొట్టింది.

పీకే, చునీ, బలరాం ముగ్గురూ ఉన్న జట్టు అది. ఆ ముగ్గురినీ మెచ్చుకోవద్దని ఎవరన్నారు? కానీ జర్నైల్ గోల్ చూశాక "గోల్ కొట్టేవాడు పుడతాడు" అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. వాడు కొంత పుడతాడు, మిగతాది ఎవరో నిలబెడతారు. రహీం సాబ్ నిలబెట్టారు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. ఆసియా క్రీడల్లో బంగారం మళ్ళీ రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీన్, జట్టులో హబీబ్ కూడా ఉన్నాడు. అంతే, ఆ తర్వాత పతకమే లేదు.

రహీం సాబ్ మొదట స్కూల్ టీచరు. ఇది చిన్న వివరం అనిపించవచ్చు, నా మటుకు అసలు సంగతి ఇదే. ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవారట. బంతి వచ్చిందా, వెంటనే పాస్ ఇవ్వాలి. కుడి కాలు వాటం ఉన్నవాడిని ఎడమ కాలితోనే ఆడించేవారు. హైదరాబాద్ సిటీ పోలీసు టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ తెచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1956లో ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో ఎనిమిది మంది దాకా హైదరాబాద్ వాళ్ళే అని చెబుతారు. హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో ఇంకోసారి. ఒక్క పట్నంలో ఒక్కసారిగా అంతమంది పుట్టుకతో గొప్పవాళ్ళు ఎలా వస్తారు? అక్కడొక పద్ధతి ఉంది. ఆడితే పోలీసులో ఉద్యోగం ఉంది. సాయంత్రం ఆడుకోవడానికి గ్రౌండు ఉంది. తప్పు ఆడితే చెప్పడానికి మాస్టారు ఉన్నారు.

బలరాం అమ్ముగూడ నుంచి సెలక్షన్లకి అరువు సైకిల్ మీద వచ్చాడని ఒక కథ తిరుగుతుంది. అందరం ఆ సైకిల్ దగ్గర కళ్ళు తుడుచుకుంటాం. నేను మాత్రం ఆ సైకిల్ ఎక్కడికి వెళ్ళిందని అడుగుతాను. వెళ్ళడానికి ఒక చోటు ఉంది కాబట్టే కథ అయింది.

ఫిల్ము లేని గోల్స్

ఇక్కడ నన్ను నేనే ఒకసారి ఆపుకోవాలి. జర్మనీవాళ్ళు గెర్డ్ ముల్లర్ మీద పెట్టుకున్న బెంగ కూడా ఇలాంటిదేనా? కాదనిపిస్తుంది. ముల్లర్ 62 అంతర్జాతీయ మ్యాచుల్లో 68 గోల్స్ కొట్టాడు, 1971-72లో జర్మనీ లీగ్ అయిన బుండెస్‌లీగాలో 40 కొట్టాడు. ఆ 40ని లెవాండోవ్‌స్కీ 2021లో 41తో దాటేదాకా దాదాపు యాభై ఏళ్ళు అలాగే ఉంది. 2021 ఆగస్టులో ముల్లర్ చనిపోయినప్పుడు నేను అతని గోల్స్ వీడియోలు చాలా రాత్రి దాకా చూశాను. నిజం చెప్పాలంటే మొదట ఆశాభంగం కలిగింది. ఎక్కువభాగం ఆరడుగుల దూరం నుంచి, మోకాలితో, పడిపోతూ, ఎలాగో ఒకలాగా లోపలికి తోసినవి. 1974 ప్రపంచ కప్ ఫైనల్లో కప్పు తెచ్చిన గోల్ కూడా అంతే. బోన్‌హోఫ్ కుడి నుంచి ఇచ్చిన బంతి ముల్లర్‌కి కొంచెం వెనక పడింది, అతను వెనక్కి తగ్గి, గిరుక్కున తిరిగి, మెల్లగా తోశాడు. మళ్ళీ మళ్ళీ చూస్తే గానీ అందులో ఎంత ఉందో తెలియదు.

వాళ్ళకి ఆ ఫిల్ము ఉంది. బెంగ మరీ ఎగిరితే కిందికి లాగుతుంది, ఓపిక ఉంటే మళ్ళీ పైకి తీసుకెళుతుంది. మనకి బలరాం ఆడింది చూపించే ఫిల్ము దొరకడమే అరుదు. కాబట్టి మన ఊహలో అతని గోల్స్ అన్నీ ముప్పై గజాల నుంచి, అన్నీ ఎడమ మూలకి. అతను గోల్స్ మాత్రమే కొట్టేవాడు కూడా కాదు, ఎడమ పక్కన ఆడుతూ పక్కవాళ్ళకి ఎన్నో అందించేవాడు. మనం అతణ్ణి గోల్ వీరుణ్ణి చేసి అతనిలో సగం ఆటని పారేశాం.

అంకెల మీద పెట్టుకుందామంటే అవి కూడా సాగే రబ్బరే. పెలె 1281 అంటారు, అందులో స్నేహపూర్వక మ్యాచులు, టూర్ మ్యాచులు అన్నీ ఉన్నాయి. రొమారియో 2007లో వెయ్యో గోల్ పండగ చేసుకున్నాడు, కుర్రతనపు జట్లలో కొట్టినవి కూడా కలుపుకుని. పీకే, చునీ, బలరాం అంతర్జాతీయ గోల్స్ ఎన్నో ఒక్కో లిస్టు ఒక్కోలా చెబుతుంది. మన దేశవాళీ మ్యాచులు అప్పట్లో 70 నిమిషాలే కనక ఇప్పటి అంకెలతో పోల్చడం కూడా కుదరదు. ఆ బాధ లేనిది ఛెత్రికే. 95 గోల్స్, ఒక్కొక్కటీ తేదీతో సహా ఉంది.

కలకత్తా రైలు

హైదరాబాద్ బెంగలో ఇంకో మెలిక ఉంది. మనం తలుచుకునే గోల్స్‌లో ఎక్కువ మన ఊళ్ళో పడినవి కావు. బలరాం కలకత్తా వెళ్ళాడు. 1966లో హబీబ్, నయీముద్దీన్ వెళ్ళారు. తర్వాత హబీబ్ తమ్ముడు అక్బర్ వెళ్ళాడు. షబ్బీర్ అలీ కూడా అటే. 1977 సెప్టెంబర్ 24న పెలె న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2 చేసింది. ఆ రెండింట్లో ఒకటి హబీబ్‌ది. పెలె గోల్ కొట్టలేదు. హైదరాబాద్ వాళ్ళం ఈ మాట చెప్పుకుని ఎంత మురిసిపోతామో! కానీ చూసింది కలకత్తా జనం. మనం మర్నాడు పేపర్లో చదివాం.

హబీబ్ చివరికి ఇక్కడికే వచ్చేశాడు, 2023 ఆగస్టు 15న ఇక్కడే కన్నుమూశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో బలరాం పోయాడు, కలకత్తాలో. సహచరులు చునీకీ, పీకేకీ పద్మశ్రీలు వచ్చాయి, బలరాంకి రాలేదు. అతను పోయిన రోజు మా గ్రూపులో అమ్ముగూడ చౌరస్తాలో విగ్రహం పెట్టాలని మా చిన్నాన్న కొడుకు అన్నాడు. అందరూ సై అన్నారు. ఆ సాయంత్రం పనిమీద అటు వెళ్ళి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళని అడిగితే బలరాం ఎవరో వాళ్ళకి తెలియదు. అదేమీ వింత కాదు, ఇంట్లో ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? నాకు కొట్టొచ్చినట్టు కనబడింది వేరే. వాళ్ళు ఆడుతున్నది ఫుట్‌బాలే. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య.

క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ని మింగేసిందని ఒక సిద్ధాంతం ఉంది, 1983 ప్రపంచ కప్ నుంచి అని. తారీఖులు కుదరవు. మన చివరి పతకం 1970ది. జపాన్ 1965లోనే జాతీయ లీగ్ పెట్టుకుంది, కొరియా 1983లో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది, మనకి జాతీయ లీగ్ 1996లో గానీ రాలేదు. కపిల్ దేవ్ కప్పు ఎత్తేనాటికే మనం వెనకబడి చాలాకాలమైంది.

ఛెత్రి సంగతి ఏంటి?

నా వాదనలో పెద్ద కన్నం ఇక్కడే ఉంది, పెద్దనాన్న దాన్ని ఇట్టే పట్టుకున్నారు. "పద్ధతి, మాస్టారు, గ్రౌండు అంటావు. మరి ఛెత్రి ఏ పద్ధతిలోంచి వచ్చాడు రా?" దీనికి నా దగ్గర సూటి సమాధానం లేదు. ఛెత్రి పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోనే, 1984లో, వాళ్ళ నాన్న సైన్యంలో ఉండటం వల్ల. పెరిగింది, ఆట నేర్చుకుంది వేరే చోట్ల. పొడగరి కాదు, మరీ వేగస్తుడు కాదు. అయినా ఇరవై ఏళ్ళు ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. అలాంటివాడు పద్ధతి లేకపోయినా వస్తాడని ఒప్పుకోవాలి. ప్రతిభ అనేది ఒకటి ఉంది.

కానీ ఒక్కడే వస్తాడు. అక్కడే తేడా. 1962లో ముందు వరసలో పీకే, చునీ, బలరాం ముగ్గురున్నారు, నాలుగోవాడు కావాలంటే డిఫెన్స్‌లోంచి తీసుకున్నారు. 2024లో ఛెత్రి తప్పుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పటి నుంచి 2024-25 సీజన్ దాకా అత్యధిక గోల్స్‌కి ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా భారతీయుడికి రాలేదు. క్లబ్బులు గోల్ ముందు నిలబడే చోటు విదేశీ ఆటగాడికిచ్చి, మనవాళ్ళని పక్కలకి పంపుతాయి. క్లబ్బు దృష్టిలో అది తెలివైన పనే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచినప్పుడు 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియావాడు. ఆ ఏడాది నేనూ ఎగిరి గంతేశాను, ఎందుకు దాచాలి? మరి ఆ చోటులో ఎప్పుడూ నిలబడనివాడు అక్కడ ఆడటం ఎక్కడ నేర్చుకుంటాడు?

2018 జూన్‌లో ఛెత్రి హ్యాట్రిక్ కొట్టి చైనీస్ తైపీని 5-0తో ఓడించిన రోజు ముంబై స్టేడియంలో ఉన్నది రెండున్నర వేల మంది. మమ్మల్ని తిట్టండి, కానీ వచ్చి తిట్టండి అని అతను వీడియో పెట్టి బతిమాలితే కెన్యా మ్యాచుకి నిండింది. ఇప్పుడు ఛెత్రి లేడని బాధపడుతున్నవాళ్ళలో ఆ రోజు టీవీ పెట్టినవాళ్ళు ఎంతమందో నాకు సందేహమే. ఇంకో ఇరవై ఏళ్ళకి వీళ్ళే మనవళ్ళకి చెబుతారు: నేను చూశాను రా, బంతి కాలికి అంటుకుపోయేది.

ఇదంతా పెద్దనాన్నకి చెప్పాను, కొంచెం మర్యాదగా. ఆయన ఒప్పుకోలేదు. ఆయన అన్నది ఏమిటంటే, పేరు లేకపోతే ఎవరూ కదలరు. గ్రౌండు కావాలి, లీగ్ కావాలి అని కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళి అడిగితే కుర్చీ కూడా వేయడు. బలరాం పుట్టిన చోటు అని అడిగితే కనీసం వింటాడు. హాఫ్ బ్యాక్ పేరు మీద ఎవడు గ్రౌండిస్తాడు? ఇందులో నిజం ఉంది, నా దగ్గర దీనికి మంచి జవాబు లేదు. గోల్ వీరుడి పేరు వాడుకోవడం వేరు, ఆ పేరుతోనే ఆగిపోవడం వేరు అని మాత్రం అన్నాను. ఆయన నవ్వి, "లా చదవాల్సింది నువ్వు" అన్నారు.

చివరికి మాట విగ్రహం దగ్గర నుంచి చిన్నదానికి దిగింది. దసరా సెలవుల్లో మా కాలనీ పక్క గ్రౌండులో పిల్లలకి ఐదుగురి చొప్పున ఒక టోర్నమెంటు పెడదామని, రహీం సాబ్ రూలు పెడదామని అన్నాను. రెండు టచ్‌లు దాటితే బంతి అవతలివాళ్ళకి. డ్రిబ్లింగ్ లేదు. కప్పులు గెలిచిన జట్టుకీ, ఎక్కువ పాసులతో గోల్స్ చేయించిన పిల్లాడికీ మాత్రమే. పెద్దనాన్న ఐదువేలు ఇస్తానన్నారు, టోర్నమెంటుకి బలరాం పేరు పెట్టమన్నారు. దానికి నేను ఒప్పుకున్నాను. కానీ ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి వేరే కప్పు ఉండాల్సిందేనట, అదీ మిగతా రెండిటికన్నా పెద్దదిగా. ఆ ఒక్క దగ్గర ఇంకా బేరం తెగలేదు.